చాయ్ పొయ్యి

ఇంటికొచ్చినవాళ్లు కూర్చోకముందే "ఏం వద్దు, కొంచెం చాయ్ చాలు" అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అన్నం తినండి, పెడతాను. సర్వపిండి కావాలంటే కాల్చి పెడతాను. చాయ్ మాత్రం నా చేత్తో పెట్టను. మా ఆయన పెడతాడు, ఆయన లేకపోతే కోడలు పెడుతుంది. వచ్చినవాళ్లు నన్ను పొగరుబోతు అనుకుంటారు. అనుకోనీ. ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పేంత ఓపిక నాకు లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

డెబ్బైల మొదట్లో సంగతి ఇది. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీకి దగ్గర్లోనే ఒక పెంకుటింట్లో అద్దెకుండేవాళ్లం. బాపు ఫ్యాక్టరీ కాంటా దగ్గర పని చేసేవాడు. చెరుకు బండ్లు వరసగా వచ్చి నిలబడితే ఒక్కొక్కదాన్నీ తూకానికి ఎక్కించడం, దించడం ఆయన పని. ఇంట్లో బాపు, అమ్మ, నేను, బాపును కన్నతల్లి. బాపు ఆమెను "అవ్వా" అని పిలిచేవాడు కాబట్టి నాకూ ఆమె అవ్వే అయింది. నా తర్వాత పుట్టినవాళ్లు దక్కలేదు.

వంటిల్లు ఇంటి వెనక రేకుల కొట్టం. దానికి కిటికీ లేదు, తలుపు లేదు, వంగి దూరేంత సందు ఉంది. అందులో మట్టి పొయ్యి. పల్లెలో అయితే తుమ్మకట్టె దొరికేది, బోధన్‌లో కట్టె కొనాలి. బాపుకు కట్టె కొనడమంటే ప్రాణం పోయినట్టుండేది. డ్యూటీ దిగి వచ్చేటప్పుడు బండ్ల కింద రాలిన చెరుకు ఆకు, ముక్కలు, పిప్పి మోపు కట్టి నెత్తిన పెట్టుకొచ్చేవాడు. "ఫుకట్కు దొరికింది" అని సంబరంగా కొట్టం ముందు పడేసేవాడు. అది పచ్చిది. మండదు, మండినట్టు నటిస్తుంది. పొగ మాత్రం బస్తాలకొద్దీ. ఆ పొగకు తియ్యటి వాసన ఉండేది. చెరుకు సీజనులో బోధన్ ఊరంతా మురిసిపోయే వాసనే అది. మా అమ్మ రొమ్ములోకి పోయి కూర్చున్నదీ అదే.

అమ్మకు దమ్ము. చలికాలంలో మెట్టు ఎక్కాలన్నా గోడ పట్టుకుని నిలబడేది. వంట చేసేటప్పుడు కొంగును ముక్కుకూ నోటికీ అడ్డంగా కట్టుకుని వెనక ముడేసుకునేది. ఇక వంట అయ్యేదాకా మాట ఉండదు. ఉప్పు కావాలంటే రెండు వేళ్లు కలిపి చూపించేది, నీళ్లు కావాలంటే చెయ్యి దోసిలి పట్టేది. నేను కొట్టం బయట నిలబడి ఆ సైగలు చూసి అందించేదాన్ని. వంట అంటే మాట్లాడకుండా చేసే పని అని నేను చాలా ఏళ్లు అనుకున్నాను.

ఒక చలికాలం దమ్ము మరీ ఎక్కువైతే నిజామాబాదులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన అమ్మ వీపు మీద గొట్టం పెట్టి విని, బాపు వైపు తిరిగాడు.

"మందు నేనిస్త. పొగ బంద్ చేసుడు నీ పని. పొగల ఇట్లనే కూసుంటే నా మందు నీళ్లతోటి సమానం."

ఆ మాట బాపుకు తగిలింది. మా బాపు చెడ్డవాడు కాదు. చెడ్డవాడే అయితే నాకు ఈ రాత ఎంత సులువయ్యేదో! తిట్టిపోసి చేతులు కడుక్కునేదాన్ని.

అప్పట్లో గ్యాసు అంటే ఆఫీసర్ల క్వార్టర్లలో ఉండే వస్తువు. పేరు రాయించుకున్నవాళ్లు ఏళ్లకేళ్లు ఎదురుచూసేవాళ్లు. మా అదృష్టమో ఏమో, ఫ్యాక్టరీలో ఒక ఆఫీసరుకు ఎక్కడికో దూరం బదిలీ అయింది. బాపు అంటే ఆయనకు గురి. అమ్మ సంగతి విని, కాయితాల మీద సంతకాలు పెట్టి, తన కనెక్షను బాపు పేరుకు మార్పించి పోయాడు. పొయ్యిని మాత్రం ఆయన భార్య వదల్లేదు, సామానులో కట్టుకుని పట్టుకెళ్లింది. అట్లా మా ఇంటికి మొదట గ్యాసు బండ ఒక్కటే వచ్చింది. చెరుకు దించి ఖాళీగా పోతున్న ఎడ్లబండి మీద వచ్చి, ముందరింట్లో మూల నిలబడింది.

అవ్వ దాన్ని అటు నుంచీ ఇటు నుంచీ చూసింది. "గిదేందిర కొడుకా, బాంబు లెక్కున్నది?" అంది.

కొత్త పొయ్యి కొనే తాహతు మాకు లేదు. నిజామాబాదులో పాత ఇనుప సామాను అమ్మే గల్లీలో వాడిన గ్యాసు పొయ్యిలు కూడా దొరుకుతాయని బాపుకు ఎవరో చెప్పారు. బాపు సెలవు రోజున ముగ్గురం బయల్దేరాం. చూస్తే అమ్మ చేతిలో మూట. పాత చీర ముక్కలో అన్నం వండే ఇత్తడి గంజు, దాని లోపల తెడ్డు.

"గంజెందుకే? అందరు నగుతరు," అన్నాడు బాపు.

"నగనీ. రేపు వండేది నేను, నగేటోళ్లు కాదు."

అమ్మ నోట అంత గట్టి మాట నేను అరుదుగా విన్నాను. బస్సులో కండక్టరు ఊరుకోలేదు. "ఏమమ్మా, పెండ్లికా? బువ్వ గంజు మీరే తీస్కపోతున్నరు?" అని అందరికీ వినబడేటట్టు అడిగాడు. ఎడపల్లి దాటేదాకా జనం నవ్వుతూనే ఉన్నారు. బాపు కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. అమ్మ మాత్రం గంజును ఒళ్లో పెట్టుకుని, పసిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంది.

దుకాణం అంటే రోడ్డు మీదికి వచ్చేసిన ఒక గది. పాత సైకిల్ చక్రాలు, తూకపు రాళ్లు, తాళాలు, పంపులు. దుకాణదారు ముసలాయన, తెల్లగడ్డం, నోట్లో పాన్. మాకు మూడు పొయ్యిలు చూపించాడు.

మొదటిది తళతళలాడుతోంది. చూడగానే బాపు కళ్లు దాని మీదికి పోయాయి. చేత్తో తుడిచి, వంగి అందులో తన మొహం చూసుకున్నాడు.

"ఇది అసలీ మాల్ భాయ్. కలెక్టరాఫీసు సాబ్ ఇంట్లది," అన్నాడు దుకాణదారు.

అమ్మ మూట విప్పింది. గంజు తీసి ఆ పొయ్యి మీద పెట్టింది. ఒక పక్కకు ఒరిగింది. సరిచేసి పెట్టి, తెడ్డు తీసుకుని ఉత్త గంజులోనే గట్క కలిపినట్టు కలపసాగింది. గట్క తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: జొన్న నూకను గట్టిగా ఉడికించేది, దించేదాకా బలం పెట్టి తిప్పాలి. రెండు తిప్పులు తిప్పేసరికి గంజు జారి ఖణంగుమని కింద పడింది. వీధిలో పోతున్నవాళ్లు ఆగి చూశారు.

"చాయ్ పెట్టుకునేటోళ్ల పొయ్యి ఇది," అంది అమ్మ, గంజు ఎత్తుకుంటూ.

రెండో దాని బర్నర్లు తుప్పు తిని చిల్లులు కలిసిపోయి ఉన్నాయి. అది ధర తక్కువ. బాపు దాని వైపు కూడా చూశాడుగానీ దుకాణదారే కాలితో అవతలికి నెట్టాడు. "ఇంట్ల ఆడపిల్ల ఉన్నది, గిది నేనియ్య," అన్నాడు.

మూడోది నల్లటి పోత ఇనుముది. పైన ఆకుపచ్చ పూత అక్కడక్కడా లేచిపోయింది. రెండు తిప్పుడు బిళ్లల్లో ఒకటి వేరే పొయ్యిది తెచ్చి బిగించారు. అందవికారంగా ఉంది. కానీ గిన్నె ఆనే కమ్మీలు వెడల్పుగా, బలంగా ఉన్నాయి. అమ్మ గంజు పెట్టింది. కదల్లేదు. తెడ్డు వేసి తిప్పింది. కదల్లేదు. అంతదాకా నవ్వుతూ చూస్తున్న దుకాణదారు లోపలికి పోయి కూజా తెచ్చి గంజు నిండా నీళ్లు పోశాడు.

"ఇప్పుడు తిప్పుండ్రి అమ్మా. బరువుంటెనే తెలుస్తది."

అమ్మ కొంగు నడుముకు చెక్కి, నిలబడి రెండు చేతులతో తిప్పింది. నీళ్లు చిందాయి. గంజు కదల్లేదు. అమ్మ నా వైపు చూసి నవ్వింది.

బాపు గొణిగాడు. "చూడనీకి మంచిగ లేదు. రేపు ఎవలన్న ఇంటికొస్తె ఏమనుకుంటరు?"

"వచ్చినోళ్లు బువ్వ తింటరా, పొయ్యి తింటరా?" అంది అమ్మ.

దుకాణదారు పకపకా నవ్వి బేరం తగ్గించాడు. తన దగ్గరున్న బండకు రబ్బరు గొట్టం తగిలించి, సబ్బు నురుగు పూసి, బుడగలు రావడం లేదని బాపుకు చూపించాడు. ముందు అగ్గిపుల్ల గీయాలి, ఆ తర్వాతే బిళ్ల తిప్పాలి అని చెప్పి అగ్గిపెట్టె అమ్మ చేతికిచ్చాడు. అమ్మ గీసింది, తిప్పింది. భుస్సుమని నీలం మంట లేచింది. అమ్మ కాసేపు చూసి, వంగి, మంట దగ్గరికి మొహం తీసుకెళ్లింది.

"పొగేది?"

"ఉండదమ్మా. గదే దీని తమాషా."

అమ్మ ఆ మంట దగ్గరే కళ్లు మూసుకుని, రొమ్ము నిండా ఊపిరి పీల్చింది. ముసలాయన "అరెరె, దూరం, దూరం" అని కంగారుపడ్డాడు. అమ్మ దగ్గలేదు. మా అమ్మ ఒక పొయ్యి ముందు నోరు తెరిచి ఊపిరి పీల్చడం నేను చూసిన మొదటిసారి అది. తిరుగు బస్సులో పొయ్యి అమ్మ ఒళ్లోనే, దాని మీద బోర్లించిన గంజు. ఈసారి కండక్టరు ఏదో అనబోతే అమ్మే ముందు నవ్వింది.

ఇంతవరకే రాసి ఆపితే ఎంత బాగుంటుంది! నా ఖర్మ, మిగతాది కూడా జరిగింది.

ఇంటికి రాగానే పొయ్యి ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. వంటింట్లోనే పెట్టాలి కదా, ఎవరైనా చెబుతారు. కానీ అక్కడ మట్టి పొయ్యి ఉంది. దాన్ని తియ్యడానికి అవ్వ ఒప్పుకోదు. అది ఉండగా పక్కన గ్యాసు బండ పెడితే నిప్పురవ్వ పడి పేలుతుందని బాపు భయం. అందుకని ముందరింట్లో, వచ్చినవాళ్లు కూర్చునే చోట, బల్ల వేసి దాని మీద పెట్టారు. గల్లీ అంతా చూడడానికి వచ్చింది. మొదట దాని మీద ఏం చేశామంటే చాయ్. వచ్చినవాళ్లందరికీ చాయ్. అవ్వ కూడా కప్పు ఊదుకుంటూ తాగింది. "చాయ్‌కైతే మంచిగనే ఉన్నది" అంది.

మర్నాడు పొద్దున అమ్మ కడిగిన బియ్యంతో గంజు పట్టుకుని ముందరింట్లోకి వచ్చింది. అవ్వ అడ్డంగా నిలబడింది.

"బువ్వ గాడ వండుతవా?"

"అవునత్తమ్మా."

"గది పొయ్యా? పెండతోటి అలుకుతవా దాన్ని? ముగ్గేస్తవా? బూడిదొస్తదా దాంట్లకెల్లి? బూడిద లేంది పొయ్యెట్లైతదే?"

అవ్వ పట్టింపు గాల్లోంచి ఊడిపడలేదు, ఆ మాట కూడా చెప్పాలి. ఆమె అత్త చనిపోతూ, పొయ్యి చల్లారనియ్యకు అని ఆమెకు అప్పజెప్పిందట. ఊరు విడిచి బోధన్ వచ్చినప్పుడు అవ్వ కుండలో బూడిద కింద నిప్పులు కప్పి బండి మీద తెచ్చి, ఈ కొట్టంలో పొయ్యి వెలిగించింది. ప్రతి రాత్రీ నిప్పును బూడిదలో దాచేది, పొద్దున్నే ఊది లేపేది. పొద్దుపొద్దున పొయ్యి అలికి ముగ్గు పెట్టి, వండిన అన్నంలో మొదటి మెతుకులు నిప్పులో వేశాకే ఇంట్లో ఎవరైనా తినాలి. ఇనుప పొయ్యిలో ఏ నిప్పుకు మెతుకులు వేస్తావు అని అడిగింది.

"దమ్ము ఆడుతలేదత్తమ్మా," అంది అమ్మ. అంతే అంది.

"నాకు ఆడిందా? నీ ఈడుకు నేను గదే పొగల కూసోని వండిన. నేను సచ్చిన్నా?"

బాపు ఇద్దరి మధ్యా నిలబడి చెప్పులు వేసుకున్నాడు, విప్పాడు, మళ్లీ వేసుకున్నాడు. చివరికి అమ్మను పక్కకు పిలిచి చిన్నగా చెప్పాడు. "కొన్నొద్దులు ఓపిక పట్టరాదే. ముసల్ది ఎంత కాలముంటది?"

అమ్మ గంజు తీసుకుని వెనక్కి పోయింది. పోయి కొంగు ముక్కుకు కట్టుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్లకు మెండోరలో ఉన్న మా మేనత్త కూతురికి కాన్పు దగ్గరపడిందని అవ్వ అటు పోయింది. బండి గల్లీ మలుపు తిరగ్గానే అమ్మ ముందరింట్లో చాప పరిచి, పొయ్యిని బల్ల మీంచి దించి కింద పెట్టుకుంది. ఆమెకు నిలబడి వండడం రాదు. పీట వేసుకుని కూర్చుని అన్నం వండింది, పప్పు వండింది, గట్క తిప్పింది. గంజు కదల్లేదు. బాపు చూసి కూడా చూడనట్టే ఉన్నాడు. తిన్నాడు.

అప్పుడు జరిగిన వింత ఏమిటంటే, అమ్మ మాట్లాడింది. వంట చేస్తూ మాట్లాడింది! నందిపేట్‌లో తన చిన్నతనం, పసుపు ఉడకబెట్టే రోజుల్లో చేల దగ్గర పెద్ద పెద్ద కడాయిలు, ఆ పసుపు అంటిన చేతులతో మా మేనమామ మొహానికి పూసి పారిపోవడం. చెబుతూ తనే నవ్వేది. ఉప్పు కావాలంటే "ఉప్పందుకో బిడ్డా" అనేది. ఆ మాట వినడానికి నేను ఉప్పు కావాలని దూరం పెట్టేదాన్ని. నాకు మా అమ్మ పరిచయమయింది ఆ కొద్ది రోజుల్లోనే. అంతకు ముందు ఆమె నాకు సైగలు చేసే ఒక చెయ్యి మాత్రమే.

మట్టి పొయ్యి చల్లారకుండా అమ్మ జాగ్రత్త పడింది. రోజూ ఒక చెరుకు మోడు వేసి నిప్పు దాచేది. అలికేది, ముగ్గు పెట్టేది, రెండు మెతుకులు తీసుకెళ్లి నిప్పులో వేసొచ్చేది. అన్నీ చేసింది. ఒక్కటి ఆలోచించలేదు. వంట చేయని పొయ్యిలో బూడిద ఎక్కడినుంచి వస్తుంది?

అవ్వ మెండోర నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, నేరుగా వెనక్కి నడిచింది. పోయేటప్పుడు బూడిద గుంట ఎత్తిపోసి పోయిందామె. గుంటలో చూస్తే పిడికెడు. గిన్నెలు తోమడానికి కూడా చాలదు. చెయ్యి పెట్టి కెలికి, లేచి నిలబడి అడిగింది.

"ఇన్నొద్దులు ఏం దిన్నరు?"

అమ్మ కళ్లు ముందరింటి వైపు పోయాయి.

అవ్వ అరవలేదు. వాకిట్లో గోడకానుకుని కూర్చుంది. ఆ పూట తినలేదు, మర్నాడూ తినలేదు. మంచినీళ్లు కూడా పక్కింటివాళ్లు ఇస్తే తాగింది. గల్లీలో ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చుని "ముసల్దాన్ని ఎండబెడుతున్నరు" అని అమ్మకు వినబడేటట్టు చెప్పుకున్నారు. వీళ్లేగా ముందురోజు దాకా గ్యాసు మీద చాయ్ తాగి మూతి తుడుచుకుని పోయింది! బాపు డ్యూటీ నుంచి వచ్చి తల్లి మొహం చూశాడు. లోపలికి వచ్చి, కింద ఉన్న పొయ్యిని ఎత్తి మళ్లీ బల్ల మీద పెట్టాడు.

"ఇగ గ్యాసు చాయ్‌కే. మాట ముగిసింది."

"డాక్టరేమన్నడు బాపూ?" అని నేను అరిచాను. "యాది లేదా? అమ్మ పాణం నీకు అగ్గువైందా?"

బాపు చెయ్యెత్తాడు. అంతవరకు నన్ను ఎన్నడూ కొట్టని మనిషి. ఆ చెయ్యి అట్లాగే గాల్లో ఆగి, కిందికి దిగింది. చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. వెనక కొట్టంలోంచి అప్పటికే పొగ లేస్తోంది. అమ్మ ఎవరి మాటా ముగిసేదాకా ఆగలేదు.

అప్పటినుంచి అది చాయ్ పొయ్యి. దానికి పూల కుట్టు వేసిన గుడ్డ కప్పేవాళ్లు. అవ్వ దాన్ని రోజూ తుడిచేది, నిజం చెప్పాలంటే ఇంట్లో అందరికంటే ఎక్కువ మురిపెం ఆమెకే. చుట్టం వస్తే చాలు, "గ్యాసు మీద పెట్టు చాయ్" అని కేకేసేది.

అమ్మ చుట్టాల కోసం ఎదురుచూడడం మొదలుపెట్టింది. దీన్ని మించిన దరిద్రం ఉంటుందా చెప్పండి. గల్లీలో ఎవరి చెప్పుల చప్పుడు విన్నా తల ఎత్తేది. ఎవరైనా వస్తే కొంగు ముడి విప్పుకుంటూ కొట్టంలోంచి వచ్చి, మొహం కడుక్కుని, పొయ్యి ముందు నిలబడేది. నిలబడడం నేర్చుకుంది. సన్నని మంట మీద చాయ్‌ను మరిగిస్తూనే ఉండేది. నీళ్లు మరిగి, పాలు మరిగి, చాయ్ ఎర్రగా చిక్కబడేదాకా. "ఏమే, గ్యాసు ఒడిసిపోతది" అని అవ్వ అరిస్తే "ఆకు దిగాలె గదత్తమ్మా" అనేది. ఆ కాసేపే ఆమెకు ఊపిరి. మా ఇంటి చాయ్ బోధన్‌లో ఎక్కడా దొరకదని బాపు దోస్తులు మెచ్చుకునేవాళ్లు. ఎందుకు దొరకదో ఏ ఒక్కడికీ తెలియదు.

నేను ఇంటర్ రెండో ఏడుకు వచ్చే కాలానికి అమ్మ నాలుగు మాటలకొకసారి ఆగేది. మందులు మారాయి. పొగ మారలేదు.

ఆ ఏడు సీజను నడుమ, మంచు బాగా పడిన ఒక పొద్దున, చెరుకు ఆకు తడిసి ఎంతకూ అంటుకోలేదు. అమ్మ ఊదుతోంది. నేను బావి నుంచి బిందెతో వచ్చేసరికి కొట్టం నిండా పొగ, అమ్మ గోడకు ఒరిగి ఉంది. కొంగు ముక్కు మీద అట్లాగే కట్టి ఉంది. విప్పాను. నోరు తెరిచింది, గాలి లోపలికి పోలేదు. బాపు పరుగున వచ్చాడు, దవాఖానాకు బండి కట్టారు. బండి గల్లీ దాటలేదు.

అమ్మను తెచ్చి వాకిట్లో, ముందరింటి గోడ పక్కన పడుకోబెట్టారు. సావు జరిగిన ఇంట్లో పొయ్యిలో నిప్పు ఉండకూడదు. అవ్వ ఏడుస్తూనే లేచి కొట్టంలోకి పోయి, ఉడకని బియ్యాన్ని దించి పారబోసి, చెంబెడు నీళ్లు తెచ్చి పొయ్యిలో పోసింది. సుయ్యిమంది. ఆమె అత్త అప్పజెప్పిన నిప్పు, కుండలో పెట్టుకుని తెచ్చిన నిప్పు, మా అమ్మ రొమ్ము కంటే విలువైన నిప్పు. ఒక్క చెంబుతో ఆర్పేసింది. అంత సులువని నాకు తెలియదు. ఆ చెంబు ఒక్కరోజు ముందు పోసి ఉంటే?

నందిపేట్ నుంచి మా మేనమామ రావాలి. ఆయన వచ్చేదాకా అమ్మను లేపేది లేదు. జనం వస్తూనే ఉన్నారు. చలి. వాకిలి నిండిపోయింది. ఎడపల్లి నుంచి వచ్చిన బాపు వైపు పెద్దమనిషి ఒకాయన చేతులు రుద్దుకుంటూ, "జర గొంతు తడుపుకోనీకి ఏమన్న దొరుకుతదా?" అని మెల్లగా అడిగాడు.

పక్కింటివాళ్లు మొహాలు చూసుకున్నారు. శవం గల్లీలో ఉండగా గల్లీలో ఎవరూ పొయ్యి ముట్టించరు. అది కట్టుబాటు.

అప్పుడు అవ్వ కళ్లు తుడుచుకుని నన్ను పిలిచింది.

"గ్యాసు ముట్టియ్యి బిడ్డా. గది పొయ్యి కాదు గదా. దానికి మైల లేదు."

నేను ఆమె మొహంలోకి చూశాను. కపటం లేదు. ఉంటే బాగుండేది. బాపు వైపు చూశాను. ఆయన తల దించుకున్నాడు. తల దించుకుని, కాదనలేదు.

"పొయ్యి కాదా అవ్వా?" అని అడిగాను.

"కాదే బిడ్డా. చాయ్‌ది గదా అది."

లేచాను. కొట్టంలోకి పోయి, బోర్లించిన గంజు తీసుకున్నాను. తోమాను, కడిగాను. నీళ్లు నింపి ముందరింట్లోకి తెచ్చాను. "బువ్వ గంజుల చాయా?" అని ఎవరో అన్నారు. ఇంతమందికి వేరే ఏ గిన్నే చాలదని చెప్పాను. గుడ్డ తీసి అవతల పడేశాను. అగ్గిపుల్ల గీసి, బిళ్ల తిప్పాను. నీలం మంట లేచింది. గంజు పెట్టాను. ఆకు వేసి, చక్కెర వేసి, అమ్మ తెడ్డుతోనే తిప్పాను, బలం పెట్టి తిప్పాను. గంజు కదల్లేదు. నిజామాబాదులో ఆమె చూసి కొన్నది.

అందరూ తాగారు. చాలకపోతే మళ్లీ పెట్టాను. బాపుకు ఎవరో కప్పు అందిస్తే ఆయనా తాగాడు. గ్యాసు అయిపోలేదు. అన్నం వండక, గట్క వండక దాచిన గ్యాసు, ఎందుకు అయిపోతుంది?

ఖాళీ కప్పులు ఏరడానికి పక్కింటామె లోపలికి వచ్చింది. ఒకప్పుడు "ముసల్దాన్ని ఎండబెడుతున్నరు" అన్నామె. పొయ్యి దగ్గర ఆగి, వంగి మంటను చూసి, కొంగుతో కళ్లొత్తుకుంది.

"జర్రంత పొగ గూడ లేకపాయె," అంది. "దీని మీద వంటైతే ఎంత సుఖమో గదనే?"

అమ్మ గోడకు అవతలే పడుకుని ఉంది.